మాట అందించేవాడు

నలభై ఏళ్లు తెర పక్కన నిలబడి
మాట మరిచినవాళ్లకి మాట అందించాను.
పాలకొల్లులో నా మొహం ఎవరికీ తెలీదు,
గొంతూ తెలీదు. అదే నా పనితనం.

ఆ ఆదివారం మిల్లర్ల సంఘం హాల్లో
ఫిల్మ్ సొసైటీ కుర్రాళ్లు తెల్లదుప్పటి కట్టి
ఎవరో ఇరాన్ నటుడట, ఇరజ్ సమ్సారీ అట,
ఆయనవి నాలుగు బొమ్మలు వరసగా వేస్తామన్నారు.
కుర్చీలు సర్దడానికి మనిషి లేడు బాబాయ్ అంటే
వెళ్లాను.
అలవాటు కొద్దీ ఎడమ గోడ వార కూచున్నాను.

మొదటిదాంట్లో ఇరవై ఏళ్లవాడు
గుర్రం దిగకుండానే ప్రేమించేస్తున్నాడు.
మెడ నిండా మఫ్లరు, నోటి నిండా పళ్లు,
కనుబొమలు నెత్తి మీదికి లాగుతున్నాడు.
ఓవరండీ బాబూ, అని నవ్వారు కుర్రాళ్లు.
నాకు నవ్వు రాలేదు.
వీడు నాటకాల్లోంచి వచ్చాడు,
మైకు లేని రాత్రుల్లోంచి,
నేల టిక్కెట్టువాడి దాకా కళ్లు విసరాల్సిన చోటు నుంచి.
కెమెరా మూరెడు దూరంలోనే ఉందని
వీడి ఒంటికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

రెండోదాంట్లో విలను. జుట్టు పలచబడింది.
ఆ పదేళ్లలో ముప్ఫై ఒక్కసార్లు చచ్చాడని
కరపత్రంలో లెక్క కట్టారు.
మా మల్లిడి సూర్రెడ్డి గుర్తొచ్చాడు,
తొడ విరిగి పడ్డాక కూడా
దోమలకి కాలి బొటనవేలు ఆడించేవాడు.
ఈయన ఆడించలేదు.
చావడం బాగా నేర్చుకున్నాడు.

కరెంటు పోయింది.
ఒక కుర్రాడు సెల్లు వెలుతురులో మిగతాది చదివాడు:
నాటకశాల మూసేశారు, వేషాలివ్వడం మానేశారు,
పదహారేళ్లు టెహ్రానులో ఏదో సందులో
కిరసనాయిలు పొయ్యిలు బాగుచేశాడు.
అంతే, ఒక్క వాక్యం.

మాకు ఎండాకాలం కాలవలు కట్టేస్తారు.
లాకుల కింద బురద నెర్రెలిస్తుంది,
పడవ ఒకటి పక్కకి ఒరిగి ఉంటుంది,
కొంగలు ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతాయి.
నీరు ఎక్కడికీ పోలేదు, ధవళేశ్వరం పైన ఆగి ఉంది
అని పిల్లలకి చెబుతాం.
పదహారు వేసవులు వరసగా వస్తే
ఏం చెబుతామో నాకు తెలీదు.

మూడోది వెయ్యలేదు, టైము లేదని.

నాలుగోదాంట్లో ముసలాడు. రొట్టెలు కాల్చేవాడు.
ఒక పిల్లాడు నాణెం గుప్పిట్లో పట్టుకుని ఏదో అడుగుతాడు.
ముసలాడు చెప్పడు.
మణికట్టు మీద ఎండిన పిండిని
గోటితో గీరుతూ ఉంటాడు.
ఆ మౌనం గురించి కరపత్రంలో పేరా పొడుగునా రాశారు.

నాకు తెలుసు.
అది మౌనం కాదు, మరుపు.
గీరుతూ గీరుతూ ఆ కళ్లు అరక్షణం పక్కకి తిరిగాయి,
ఎడమ పక్కకి,
మాలాంటివాడు నిలబడే చోటికి.
సినిమాకి పక్కతెర ఉండదయ్యా,
అక్కడ నీకెవరున్నారు?

పారసీ ఒక్క అక్షరం రాదు నాకు.
నా పెదాలు కదిలాయి:
"వేడిగా ఉంది బాబూ, తీసుకెళ్లు."

ఆయన తల ఎత్తి చెప్పాడు.
ఏమన్నాడని పక్కవాణ్ని అడిగాను.
"అయిపోయింది, రేపు రా అన్నాడండి."

సూర్రెడ్డీ అంతే.
నేనొకటి అందిస్తే వాడొకటి చెప్పి
చప్పట్లు కొట్టించుకునేవాడు.

అందరూ వెళ్లాక కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపి
లెక్కపెట్టాను. ఒకటి తక్కువొచ్చింది.
మళ్లీ లెక్కపెట్టాను.
తాళం వేసే కుర్రాడు చూపించాడు,
దుప్పటి పక్కన, ఎడమ గోడ వార
ఇంకా అక్కడే ఉంది.