ఒక్క ళ

మళ్ళీ పోయింది.
తెర ఒకసారి పాలిపోతుంది,
గుండ్రం రెండు చుట్లు తిరుగుతుంది, అంతే.
పెళ్ళికూతురి బుగ్గ మీద నేను చెరిపిన మొటిమలు
తెరిచేసరికి మళ్ళీ మొలిచి ఉంటాయి.

పర్లాకిమిడి, బస్టాండు వెనక సందు.
రేపు పదింటికి ఆల్బమ్ అట్ట ప్రింటుకి వెళ్ళాలి.
అబ్బాయి ఇక్కడివాడే, దిబాకర్.
అమ్మాయిది ఏటి అవతల పాతపట్నం, కోమల.
పేర్లు రెండు లిపుల్లోనూ ఉండాలని
ఇద్దరు వియ్యపురాళ్ళూ విడివిడిగా వచ్చి చెప్పి వెళ్ళారు.

మొదట కరెంటనుకున్నాను. స్టెబిలైజరు మార్చాను.
తర్వాత ఉక్కనుకున్నాను.
సీపీయూ డొక్క విప్పి సున్నం బ్రష్షుతో దులిపితే
మూడేళ్ళ దుమ్ము, ఒక ఎండిన బల్లిపిల్ల,
ఎవరి పాస్‌పోర్టు ఫోటోదో సగం చెవి.
ర్యామ్ బిళ్ళ ఊడదీసి
స్కూలు రబ్బరుతో దాని బంగారు పళ్ళు తోమి
మళ్ళీ గుచ్చాను.
పోయింది.

బరంపురం నుంచి ఫోన్లో బైకుంఠ:
"సి డ్రైవు నిండిపోయుంటది భాయ్, ఖాళీ చెయ్యి."
ఖాళీ చెయ్యడానికి కూర్చుంటే
తుపాను ఏటి ఫోటోలు బయటపడ్డాయి.
నష్టపరిహారం అర్జీకి తీసినవి,
కూలిన ఒక్కో గోడ పక్కన ఒక్కో మనిషి
వేలు చూపిస్తూ.
డబ్బులొచ్చాయో లేదో నాకు తెలీదు.
ఎవరూ వేలు మాత్రం దించలేదు.
చెరపలేక పెన్‌డ్రైవులోకి తోశాను.
నలభై జీబీ తేలికపడింది.
అయినా పోయింది.

గ్రాఫిక్స్ డ్రైవరు తీసేసి పాతది వేశాను.
సెట్టింగులన్నీ పుట్టిన రోజుకి తిప్పాను.
మా కుర్రాడు తవుడు
మానిటరు మెడకి నిమ్మకాయ కట్టి,
"దిష్టి గురూ, ఇంకేటీ కాదు" అన్నాడు.
కాదనే ఓపిక లేక ఊరుకున్నాను.

రాత్రి పన్నెండు దాటాక
తిట్టడం మానేసి చూడ్డం మొదలుపెట్టాను.
ఒక్కో పొరా ఆర్పుకుంటూ వచ్చాను:
పందిరి, పూలు, అత్తగారి చెయ్యి.
ఒడియా అక్షరాల పొర ఆర్పితే బతికింది,
వెలిగిస్తే చచ్చింది.
ఆ పొర కొత్తగా తెరిచి ఒక్కో అక్షరం కొట్టాను.
దిబాకర్, బతికే ఉంది.
కో, ఉంది.
మ, ఉంది.
ళ

అవును, ళ.
మన కోమల ఏరు దాటితే కోమళ.
మన జలం వాళ్ళకి జళ, ఫలం ఫళ.
అటుపక్క నాలుక కొసన జారిపోయే అక్షరం
వంతెన దిగేసరికి మడతపడి అంగిలికి తగులుతుంది.
బళ్ళో ఈ ఒక్కదాని కోసమే
ఒడియా మాస్టారు నా చెవి మెలేసేవారు.
ఫాంటు ఫైల్లో సరిగ్గా ఆ గింజే పుచ్చిపోయింది.
కొత్తది దించుకుందామంటే
సాయంత్రం వానకి నెట్టు పోయింది.

సిగరెట్టు కోసమని నాకు నేనే చెప్పుకుని బయటికొచ్చాను.
ఎదురుగా మూతపడ్డ సైకిలు షాపు,
దాని నెత్తిన మా గురువు
బెహరా సిమ్మాద్రి ఎనామిల్‌తో రాసిన బోర్డు.
పైన తెలుగులో బలరాం,
కింద ఒడియాలో బళరామ.
ఆయనకి రెండూ చదవడం రాదు.
కాగితం మీద రాసిస్తే
జామకాయనో చిలకనో చూసినట్టు చూసి దింపేసేవాడు.

ఫోను లైటు వేసి ఫోటో తీశాను.
తుప్పు చెరిపి, మేకు చిల్లు పూడ్చి,
చుట్టూ కత్తిరించి తెచ్చి
కోమ పక్కన కూర్చోబెట్టాను.
మిగతావాటికన్నా కొంచెం బొద్దు.
కింద వంపులో కుంచె వెంట్రుక గీత ఒకటి,
దాన్ని ఉండనిచ్చాను.

సేవ్ నొక్కాను.
గుండ్రం తిరిగింది.
తిరిగింది.
ఆగింది.
తవుడు నిద్రలోంచి లేచి
నిమ్మకాయకేసి దండం పెట్టాడు.

వారం తర్వాత పెళ్ళికొడుకు తల్లి
అట్ట మీద వేలు ఆనించి,
"ఇదొక్కటి లావుగుందేటి బాబూ?" అంది.
"అది ఊళ్ళోదమ్మా" అన్నాను.
ఇంకేమీ అడగలేదు.
మొటిమ ఒకటి మిగిలిపోయిందని మాత్రం
బిల్లులో యాభై తగ్గించింది.