బాడీ మార్చాలె

కోఠిల మెట్ల కింద దుకాణం.
మొయిజ్ భాయ్ నా కెమెరా కడుపు ఇప్పి
ఒంటికంటి అద్దం పెట్టుకొని సూసిండు.
"లక్షా ఎనభై వేల సార్లు నొక్కినవ్,
షట్టర్‌ల ఇంకేం మిగుల్తది?"

షట్టర్ మార్చొచ్చట.
లెన్సు, ఫ్లాషు, బ్యాటరీ,
ఆఖరికి మెడల ఏసుకునే పట్టీ గూడ
కొత్తయి తగిలియ్యొచ్చట.
లోపలి కన్ను మాత్రం,
అగ్గిపెట్టెంత లేని ఆ సెన్సారు,
పుట్టుకతోని వచ్చిందే.
"అది మారది. బాడీయే మార్చాలె."

డెబ్బై రెండు వేలు.
చండూరు బస్సుల కిటికీ పక్క కూసొని
వేళ్ల మీద లెక్కబెట్టిన:
ఎన్ని పెండ్లిళ్లు, ఎన్ని పుట్టెంట్రుకలు,
ఎన్ని పాస్‌పోర్ట్ సైజులు.
మాల్ కాడ లెక్క తప్పింది.
మళ్ల మొదలువెట్టలే.

తెల్లారి ఈదమ్మ వచ్చింది,
పింఛన్ కాయితానికి ఫోటో అనుకుంట.
మర్రిగూడ దిక్కు ఊరు.
బోరు నీళ్లు తాగి తాగి
నలభైకే ఎముకలు కొయ్యబారినయి.
"కార్డుల మొకం, ఈ మొకం
ఒక్కటి కాదంటున్నరు కొడుకా."

"జర తల పైకెత్తవ్వా" అన్న.
అలవాటు మాట.
అన్నంక నాలిక కర్సుకున్న.
ఆమె మెడ లేవది.
"నీ డబ్బానే జర కిందికి దింపు" అని
నేలను సూస్కుంటనే నవ్వింది.

బోర్ల పన్న.
గచ్చు సల్లగ తగిలింది పొట్టకు.
ఆడికెల్లి సూస్తే మొకం నిండుగ కనవడ్డది,
ఎడమ ముక్కుకు రాయి ఊడిన పుడక గూడ.

నొక్కిన. సగం తెరుసుకొని ఆగింది.
మళ్ల నొక్కిన. సప్పుడైతే అయింది,
బొమ్మల ఓ పక్క నల్ల పట్టీ.

"ఏమైంది దానికి?"
"ముసల్దయింది. బాడీ మార్చాల్నట."
"బాగు జేయరాదా?"
"కొంత జేయొచ్చు. కొంత రాదు."
"నాకు పట్నం డాక్టరు గదే జెప్పిండు" అన్నది.
"మార్చుడు ముచ్చట మాత్రం ఎత్తలే."

మూడోపారి పడ్డది బొమ్మ.
నాలుగు కాపీలు కోసి ఇచ్చిన.
పైసలొద్దంటే వినలే,
వంకర వేళ్లతోని కొంగుముడి ఇప్పటానికి
చానాసేపు పట్టింది.
నేను ఊకె నిలవడ్డ.

పొద్దుమీకి ఫోన్ జేసిన:
"షట్టర్ ఒక్కటి ఏసెయ్ భాయ్."
తొమ్మిదిన్నర వేలన్నడు, ఎనిమిదికి తెగింది.

ఇప్పటికీ లైటు తక్కువున్న పెండ్లిళ్లల్ల
ఫోటో నిండ నూకలు నూకలు పడ్తయి.
పెండ్లోళ్లు మొకం ముడుస్తరు.
పడనీ.
భూమ్మీద దానికింక
నూకలున్నయన్నట్టే గద.