రెండొందల పన్నెండో పేజీ

గ్రిమ్స్‌బీ రేవులో చేపల వేలం ముగిసి
బూట్లకి పొలుసులంటిన వాళ్లు ఇళ్లకి మళ్లే వేళకి
నేను లైబ్రరీ తలుపు తీస్తాను.
జీతానికి చేసే పనుల్లో ఒకటి
తిరిగొచ్చిన పుస్తకాల్లో పెన్సిల్ రాతలు చెరపడం.

ఈ యుద్ధం నవల మాత్రం రబ్బరుకి లొంగదు.
అట్ట మీద మంటల్లో ఓడ,
దాని ముందు గడ్డం తడవని కెప్టెన్.
పదకొండేళ్లుగా ఇంటింటికీ తిరుగుతోంది,
వచ్చిన ప్రతిసారీ
ఎవరిదో ఒక మాట వెంటబెట్టుకొస్తుంది.

మొదటి అధ్యాయం పక్కన
ఎవరో కుర్రాడు, గుండ్రటి అక్షరాలు:
"భలే! రాత్రంతా దుప్పట్లో టార్చి పెట్టుకుని చదివా."
దాని కిందే ఇంకో చెయ్యి, కాస్త వణుకుతూ:
"ఇంజన్ గదిలో ఇంత వెలుతురుండదు నాయనా.
నాలుగేళ్లున్నాను."
అది కథ్‌బర్ట్ హాబ్లీ రాత, నాకు తెలుసు.
పుస్తకం తీసుకునే ముందు
చేతులు రెండూ కోటుకి తుడుచుకుంటాడు,
బొగ్గు మానేసి పదిహేనేళ్లయినా.

కొందరు కౌంటర్ దగ్గరే చెప్పేస్తారు.
రొట్టెల కొట్టు ఐవర్:
"మధ్యలో ఆ నర్సు ప్రేమ దేనికండీ, టార్పెడోలు చాలవూ?"
పంతులమ్మ మిస్ పిక్సలీ:
"సముద్రానికి విశేషణాలు మరీ ఎక్కువయ్యాయి."

ఏవాల్డ్, ఖైదీగా వచ్చి చక్కెర దుంపలు తవ్వి
ఇక్కడి పిల్లని చేసుకుని ఉండిపోయినవాడు,
పుస్తకాన్ని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు.
"మావాళ్లు నూట నలభై మంది పోయారు ఇందులో. లెక్కపెట్టాను.
ఒక్కడూ అమ్మా అనలేదు.
మునిగేటప్పుడు కూడా ఆర్డర్లే అరుస్తారు."
తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చాడు.
"రెండో భాగం ఉందా?"

ఇక రెండొందల పన్నెండో పేజీ.
తుపాను. మంచు గడ్డకట్టిన డెక్కు.
కెప్టెన్ చుక్కాని పట్టుకుని
బడిపిల్లలు బట్టీపట్టే లాంటి ఒక మాటంటాడు.
ఆ మాటకి కాస్త ముందు
"ఒక నావికుణ్ని అల తీసుకుపోయింది," అని ఉంటుంది.
అంతే.
కామా దాటగానే కథ ఫుల్ స్పీడు అందుకుంటుంది.

ఆ కామా పక్కన నీలి సిరాతో:
"లెనర్డ్ గ్రైస్. ఇరవై మూడు. ఎడమ చేత్తో తినేవాడు."
కింద ఎవరో పెన్సిల్‌తో, విసుగ్గా:
"ఇది కట్టుకథ మేడమ్."
మళ్లీ నీలి సిరా: "తెలుసు."
ఆ కిందే గుండ్రటి అక్షరాలు:
"ఏం తినేవాడు?"
"పొగబెట్టిన హాడక్. ముళ్లు ఏరుకోకుండా. తిట్టేదాన్ని."

సిరా రాతలున్న పుస్తకం
కట్టగట్టి తూకానికి వెయ్యాలని రూలు.
మూడుసార్లు ఆ కట్టలో పెట్టాను,
మూడుసార్లూ సుతిలి ముడి నేనే విప్పాను.

హిల్డా గ్రైస్ కార్డు మీద ఈ నవల ఎప్పుడూ లేదు.
అన్నీ అల్లికల పుస్తకాలే.
అయితే గురువారాలు, వాన పడినా సరే,
సాహస నవలల బీరువా దగ్గర
ఒక చేతి తొడుగు తీసి నిలబడుతుంది.
అప్పుడు నేను తిరగేసే కార్డుల్లో
ఒక్క పేరూ నా కళ్లకి ఆనదు.

నా అభిప్రాయమా?
ఆ కెప్టెన్ గెలిచాడో లేదో నాకింకా తెలీదు.
కామా దాటి వెళ్లలేదు.

నిన్న మళ్లీ వాపసొచ్చింది,
అట్టకి వెనిగర్ వాసన, మధ్యలో బస్సు టికెట్టు.
రబ్బరు తీశాను.
మూడో పేజీలో
నర్సుకి ఎవరో గీసిన మీసం ఒక్కటీ చెరిపి
బీరువాలో, అదే చోట,
ఆవిడ చేతికి అందే ఎత్తులో పెట్టాను.