పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలు

లాగ్‌బుక్కులో అంతే ఉంది.
కింద నా సంతకం, నీలం సిరా,
ఒంటరిగా ఎగరడానికి తగినవాడని.

బాజీ బెజవాడ ఆటోనగర్ మనిషి.
ముప్ఫై ఏళ్లుగా బుల్లెట్ల గుండె చప్పుడు విని
చెయ్యి పెట్టకుండానే జబ్బు చెప్పేవాడు.
ఆదివారం తెల్లారకముందే వారధి దాటి, గుంటూరు దాటి,
ప్రత్తిపాడు రేగడి చేలో మేం కౌలుకు తీసుకున్న రన్‌వేకి
తన పాత బండి మీదే వచ్చేవాడు.
మైక్రోలైట్‌ని చూసి మొదటిరోజే నవ్వాడు:
"దీనికీ హ్యాండిలే కద సార్!"

ఆ నవ్వు దగ్గరే నేను ఆగాల్సింది.

బండికి ఎడమంటే ఎడమే.
ఇది ఎడమకు తిరగాలంటే కడ్డీని కుడికి తొయ్యాలి.
వేగం కావాలంటే పొట్ట దగ్గరికి లాక్కోవాలి,
ముక్కు దిగుతుంది, భయమేస్తుంది, వెయ్యనీ.
వెనక సీట్లో కూర్చుని గొంతు పోయేలా చెప్పాను.
తల ఊపేవాడు. తల నేర్చుకుంది.
చేతులది ముప్ఫై ఏళ్లుగా వేరే బడి.

ఫిబ్రవరి. కళ్లాల్లో మిరపకాయలు ఆరుతున్నాయి.
ఏడున్నరకు లేచాడు. రెండు చుట్లు బాగా తిరిగాడు.
మూడోసారి దిగబోతుంటే
పడమటి గాలి ఒకటి, చిన్నదే,
నేనైతే లెక్కే పెట్టను,
ఎడమ రెక్కని ఎత్తింది.
కుడికి ఒరుగుతున్న బండిని ఏం చేస్తాం?
హ్యాండిల్ ఎడమకు తిప్పాడు.
ఇంకా ఒరిగింది.
నేల మీదికొస్తుంటే ఎవరైనా ఏం చేస్తారు?
రెండు చేతులా దాన్ని నెట్టేస్తారు.
నెట్టాడు.
ముక్కు లేచింది, గాలి వదిలేసింది.
రేడియోలో లాగు లాగు అంటూనే ఉన్నాను,
మాట చేతిదాకా పోయేలోపు
అరవై అడుగులూ అయిపోయాయి.

కోటమ్మగారి కళ్లంలో, కాయల మీదే.
ఘాటుకి దగ్గరికి పోలేక
తువ్వాళ్లు మూతికి చుట్టుకుని,
తుమ్ముతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ బయటికి తీశాం.
108లో ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి అన్నాడు:
"చెయ్యి దానంతటదే తిరిగింది సార్."
ఏటుకూరు దాటలేదు.

విచారణకొచ్చినవాళ్లు కారణం గడిలో
అనుభవలేమి అని రాసుకుని టీ తాగి వెళ్లారు.
ఎవరికని రాయలేదు.
బండి దిగని చేతులకు ఎగరడం నేర్పడం
నాకు అదే మొదటిసారి.

రెండు టిక్కీల కాయ పాడైందని చెప్పింది కోటమ్మగారు,
డబ్బిస్తే తీసుకోలేదు.
మార్చిలో కబురు పెట్టింది,
తొడిమలు తీస్తుంటే ఒక నట్టు దొరికిందని.
చేత్తో తడిమితే బాజీ చెప్పేవాడు
ఎక్కడిదో, ఎన్నో నంబరు స్పానరో.
నా జేబులో ఊరికే ఉంది,
ఇప్పటికీ ఘాటు వదల్లేదు.

కొత్తవాళ్లు ఎవరొచ్చినా
ఎత్తు, బరువు, డాక్టరు కాగితం
తర్వాత చూస్తాను.
"ఏ బండి మీద వచ్చావు?
తాళం ఇటివ్వు.
నెల్లాళ్లు బస్సులో రా."