యాభై శాతం నీడ

మా జ్ఞానాపురంలో
పొద్దున్నే లేచి పుదీనాకు మీద వేలితో గీస్తే
వేలు నల్లబడుతుంది.
రేవులో దిగిన బొగ్గు
ఎవరూ పిలవకుండానే మా డాబా ఎక్కుతుంది.
అది చాలదన్నట్టు ఉప్పుగాలి.
టమాటా నారు నాలుగాకులు తొడిగేలోపే
అంచులు కాలిన కాగితంలా ముడుచుకుంటుంది.

మూడు వేసవులు చూశాను.
నాలుగో ఏడు, నారుకో ఇల్లు కడదామనుకున్నాను.

గాజువాక నుంచి వచ్చిన కుర్రాడు
మెరిసే కాగితం మీద మెరిసే ఇల్లు చూపించాడు.
అల్యూమినియం చువ్వలు, అద్దంలాంటి గోడలు.
"నలభై రెండు వేలు మేడమ్, బిగింపు మాదే."
కిటికీ ఏదీ?
"చలిదేశాల్లో ఇదే వాడతారు మేడమ్."
మే నెలలో మా డాబా మీద చెప్పుల్లేకుండా
నాలుగడుగులు వెయ్యి నాయనా, అప్పుడు మాట్లాడదాం.
టీ తాగి వెళ్లిపోయాడు. మంచి పిల్లాడే.

పూర్ణా మార్కెట్ వెనక సందులో
తాళ్లూ పరదాలూ అమ్మే కొట్టాయన
తలెత్తకుండా అడిగాడు:
"యాభయ్యా, డెబ్భై అయిదా?"
ఏంటవి?
"నీడమ్మా. నీడ శాతం."
నీడను శాతాల్లెక్కన అమ్ముతారని
నలభై ఆరేళ్లకు తెలిసింది.
డెబ్భై అయిదైతే మొక్క పాలిపోయి సాగుతుందట,
వెలుగు కోసం మెడ చాచి చాచి.
యాభై చాలన్నాను.
పూర్తి నీడలో పెరిగినవాళ్లను
ఒకరిద్దరిని ఎరుగుదును.

పైపులు కంచరపాలెంలో పాతసామాన్ల కొట్లో, కిలోల లెక్క.
వంచితే వంగినవి తెచ్చుకున్నాను,
ఫట్‌మన్నవి అక్కడే వదిలేశాను.
డాబాకు మేకు కొట్టనివ్వడు ఇంటి ఓనరు.
రంగు డబ్బాల్లో సిమెంటు పోసి
వాటిలో నిలబెట్టాను దాని కాళ్లు.
రాత్రి పన్నెండు దాకా
జాకెట్లు కుట్టే మిషను మీదే నెట్టు కుట్టాను.
మూడు సూదులు విరిగాయి.
అలవాటున ఒకచోట హుక్కులు పెట్టబోయి
ఒక్కదాన్నే నవ్వుకున్నాను.
పైకప్పుకు మాత్రం పాలకవరులాంటి షీటు, వానకి.
గోడలన్నీ నెట్టే.
వేడి తన దారిన తాను పోవాలి కదా.
గుమ్మం రేవు వైపు పెట్టలేదు.

మొత్తం మూడువేల నాలుగొందలు. సూదులు కాక.

ఆఖర్న ఇనప తీగతో బిగిస్తుంటే
పక్క డాబా మీద వల బాగుచేసుకుంటున్న ఎల్లాజీ
"అలా కట్టకు ఫిలోమినక్కా" అన్నాడు.
గట్టిగా కట్టొద్దా?
"గట్టిగానే. ఒక్క లాగుకి ఊడేలా."
గోడ దూకి వచ్చి బోటు ముడి నేర్పాడు.
గాలి లాగితే బిగుస్తుంది,
మనం తోక లాగితే వదిలేస్తుంది.
"హుద్‌హుద్‌లో విరిగినవన్నీ బిగించి కట్టినవే."
నిజమే.
ఎదురింటి రేకు ఆరోజు మా కళ్ల ముందే ఎగిరింది,
ఎక్కడ దిగిందో ఇప్పటికీ తెలీదు.
తీగ పక్కన పడేశాను.
పదిసార్లు తప్పితే గానీ ముడి పడలేదు.

అక్టోబరులో ఒక సాయంత్రం
పోర్టు నుంచి మా ఆయన జోజి ఫోను:
మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు.
ఎనిమిది ముడులు, ఎనిమిది లాగుళ్లు.
పావుగంటలో ఇల్లు మడతపడి
మంచం కిందకి దూరింది.
ముప్పై రెండు నారుమొక్కలు వంటింట్లోకి:
గ్యాసుబండ పక్కన, బియ్యండబ్బా మీద,
జోజి పాత హెల్మెట్‌లో ఒకటి.
తిరగడానికి చోటు లేక
ఆ రాత్రి ఉప్మాతో సరిపెట్టాను.
గాలి తెల్లవార్లూ తలుపు కొట్టింది.
డాబా మీద దానికి దొరికినవి
సిమెంటు డబ్బాలు.

పొద్దున పైకి వెళ్లాను.
లోపలికి తేవడం మరిచిన పుదీనా
పిట్టగోడ వారన అలాగే ఉంది, కాస్త ఒంగి.
ఆకు మీద వేలితో గీశాను.
తడి. అంతే.
రేపటికి మళ్లీ నల్లబడుతుంది లెండి.
ఈలోగా కింద నుంచి ఎల్లాజీ కేక:
"అక్కా, నీ పైపొకటి మా మెట్ల మీద పడుంది,
దీన్ని ఏ ముడి కట్టావే?"