మూడున్నర రూపాయల దెయ్యం

మూడో భాగానికీ వెళ్లాను.
రెండోది చూసొస్తూ ఆటోలోనే ఒట్టేసుకున్నవాణ్ణి,
ఒట్టు తీసి గట్టు మీద పెట్టి
మద్దిలపాలెం మాల్‌లో నాలుగో అంతస్తుకి
మెట్లు వాటంతటవే నడుస్తుంటే, నిలబడి వెళ్లాను.

మొదటిది చూసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు.
పూర్ణా మార్కెట్ వెనక రేకుల హాలు.
రేవులో ఓడ కూతేస్తే
తెర మీద దెయ్యం కూడా ఆగి విన్నట్టుండేది.
కథ ఇంతే:
ఉప్పు కొట్టులో గుమాస్తా
మూడున్నర రూపాయల లెక్క తేలక చచ్చిపోయాడు.
చచ్చీ మానలేదు.
అర్ధరాత్రి అద్దెకున్నవాళ్ల మంచం పక్కన నిలబడి
"అయ్యా, తమరు గానీ చూశారా?" అని అడుగుతాడు.
అంత మర్యాదగా నన్ను
బతికున్నవాడెవడూ ఏదీ అడగలేదు.

వాడు గాల్లో తేలితే నడుముకి కట్టిన తీగ కనబడేది.
"ఒరే, తీగరా!" అని బెంచీ బెంచీ అరిచేది.
అరుస్తూనే భయపడేవాళ్లం.
నూకరత్నం పిన్ని నవ్వుతూ నా చెయ్యి గిల్లేది,
"ఒలమ్మో, అది తెగితే బాబు పడిపోడేటి!" అనేది,
దెయ్యం మీద జాలితో.
ఆపరేటర్ సన్యాసి రీలు మార్చేలోగా
చీకట్లో ఎవడో "మూడున్నర!" అంటే
హాలంతా విరగబడేది.

హుద్‌హుద్‌కి ఆ హాలు రేకులు లేచిపోయాయి,
తీగలేవీ లేకుండానే.
మళ్లీ ఎవరూ వేయలేదు.
పిన్ని అంతకు ముందే పోయింది.

రెండో భాగంలో గుమాస్తాకి మనవడొచ్చాడు, మోటారు సైకిలు మీద.
మూడో భాగంలో గుమాస్తానే తిరిగొచ్చాడు.
ఆ వేషం కట్టినాయన పోయి పదకొండేళ్లు.
అయినా మొహం తెచ్చారు,
ముడతలు ఇస్త్రీ చేసి మరీ తెచ్చారు.
కళ్లు మాత్రం ఎవరి దగ్గరో అద్దెకి తీసుకున్నట్టున్నాయి.
ఇప్పుడాయన లోకాన్ని కాపాడతాడట.
మూడున్నర రూపాయలు పోయి
మూడు లోకాలొచ్చాయి.
ఉప్పు కొట్టు మళ్లీ కట్టారు.
చిలక్కొయ్య, పగిలిన లాంతరు, నామాల క్యాలెండరు,
ఒక్కొక్కదాని ముందూ కెమెరా
సింహాచలం క్యూలో లాగా ఆగి దణ్ణం పెట్టి కదిలింది.

"అయ్యా, తమరు గానీ చూశారా?" అన్నాడు.
అన్నాక నాలుగు సెకన్లు ఖాళీ.
మా ఈలల కోసం వదిలిన ఖాళీ.
ఏసీ చప్పుడు వినబడింది.
నిజం చెప్పాలి, నా నోరు తెరుచుకుంది.
పాత నవ్వొకటి గొంతు దాకా వచ్చి
తనని పిలవలేదని తెలుసుకుని
వెనక్కి పోయింది.

తేలాడు. తెర ఈ చివర నుంచి ఆ చివరికి.
కళ్లద్దాలు తుడుచుకుని వెతికాను.
తీగ లేదు.
పడిపోతాడన్న భయం లేని చోట
ఎవరు ఎవరి చెయ్యి గిల్లుతారు?

బీచి రోడ్డులో ఆటో దిగేసరికి పదిన్నర.
డాల్ఫిన్ నోస్ మీద లైటు
ఏదో పారేసుకున్నట్టు తిరుగుతోంది.
మురీ మిక్చర్ కుర్రాడు బల్బు ఆర్పబోతూ ఆగాడు.
"సినిమాకెల్లొత్తన్నారా? ఎలాగుందండి?"
"బాగానే ఉంది" అన్నాను.
పోయినోళ్లని తిట్టకూడదు కదా.

వాడిచ్చిన చిల్లర
ఇసకలో నిలబడి లెక్కపెట్టాను.
నాలుగు రూపాయలు తక్కువ.
వెనక్కి వచ్చి, ఆరిన బల్బు పక్కన నిలబడి,
"అయ్యా, తమరు గానీ..." అన్నాను.
ఉలిక్కిపడ్డాడు. తర్వాత
బండి పట్టుకుని పగలబడి నవ్వాడు.
"ఏటండి బాబూ, దెయ్యంలాగ అడుగుతన్నారు!"

వాడు మొదటిది చూడలేదు.
వాళ్లమ్మ కూడా చూసుండదు.