చదివింపులు

అడ్డగుట్ట మెట్లెక్కి వచ్చిన కాయిదాన్ని
పిల్లకు పాలిస్తనే నవనీత చదివింది:
ముప్పై ఎనిమిది నెలలు, నెలకు రెండువేల పదహార్లు,
వాపసు కట్టాలె, డెబ్బై ఆరువేల ఆరువందల ఎనిమిది.
"అనర్హురాలు" అన్నకాడ ఆగి
నా మొకం జూడకుంట మళ్ల చదివింది.

వాటర్ బోర్డుల చేసి పోయిన మా ఆయన పింఛను
వస్తదని నేను దాయలే.
ఫారం నింపిన పిలగాడు అడగనే అడగలే.
పదహార్లంటే పెండ్లిల చదివించినట్టే అనుకున్న.
మైకుల పేరు చెప్పి ఇచ్చినోడు
పందిరి విప్పినంక తిరిగొచ్చి అడుగుతడా?

యాడున్నయ్ అవి?
గాంధీ దవాఖాన ఆటోలల్ల, షుగర్ గోళీలల్ల,
సిలిండర్ల సగం.
ఒక నెల మాత్రం, చెప్తే సిగ్గు,
మోండా మార్కెట్ల రెండు కిలోల మామిడిపండ్లు కొని
తలుపేసుకొని ఒక్కదాన్నే తిన్న,
టెంకలు గూడ చీకి.

తాసిల్ ఆఫీసుల క్లర్కు మంచోడే, కుర్సీ ఏసిండు.
నెలకు ఐదొందలు కట్టు అమ్మా, అన్నడు,
కాలిక్యులేటర్ కొట్టి:
నూట యాభైనాలుగు కిస్తులు, పన్నెండేండ్ల పది నెలలు.
నాకు డెబ్బై ఒకటి నడుస్తుంది.
నవ్వొచ్చింది. ఆయనకు రాలే.
అంతదాంక బతుకుతనని
గా ముక్క ఒక్కటి రాసియ్యి సారూ, అన్న,
ఠప్పా గొట్టి.